రేటు తరవాత చూసుకుందాం

మా కంపెనీ ఎప్పుడు పోయిందని అడిగితే, గోవిందరాజులు గారి కొట్లో సంతకం పెట్టిన రోజు పోయిందంటారు మా ఆయన. అది అబద్ధం. అంతకు ఏడాదిన్నర ముందే, మా ఇంటి వసారాలో, గోవిందరాజులు గారి విస్తట్లోకి మా అత్తగారు రెండోసారి రొయ్యల ఇగురు వడ్డిస్తుండగా పోయింది. మా మావగారు "మీ ఇష్టమండి" అన్నారు. అంతే, అక్కడితో సరి.

ఆ మాటంటే నాకు ఒళ్ళు మంట. మా కోనసీమలో ఏ ఇంటికెళ్ళినా వినపడుతుంది. ఎంతిమ్మంటారంటే మీ ఇష్టమండి. ఎప్పుడు రమ్మంటారంటే మీ ఇష్టమండి. విన్నవాడు సిగ్గుపడి నాలుగు రాళ్ళు ఎక్కువే ఇస్తాడని అన్నవాడి ఆశ. విన్నవాడికి సిగ్గుంటే బానే ఉంటుంది. లేనివాడు తగిలితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను.

మా రాజోలు చుట్టుపక్కల కొబ్బరికాయ ఎలా అమ్ముతారో తెలియనివాళ్ళకి ముందు అది చెప్పాలి. రెండు నెలలకోసారి దింపు. షావుకారు మనుషులొస్తారు, చెట్లెక్కుతారు, కాయ దింపుతారు, లెక్కపెట్టి బండికెత్తుకుని పోతారు. అప్పటికి రేటు తెగదు. "రేటు తరవాత చూసుకుందామండి" అంటాడు షావుకారు. "మీ ఇష్టమండి" అంటాడు రైతు. వారం పోయాకో పది రోజులు పోయాకో కబురొస్తుంది, వెయ్యి కాయకి ఇంత తెగిందని. అంబాజీపేట మార్కెట్లో ఆ పూట ఎంత పలికిందో రైతుకి తెలీదు. తెలిసినా అడగడు. ఏళ్ళ తరబడి తోటలోకొచ్చే మనిషిని మొహం మీద రేటడిగితే, ఆయన మీద నమ్మకం లేదని చెప్పినట్టట! తన కాయ నూనైపోయాక దాని ధర తెలుసుకునే రైతు ఇంకెక్కడైనా ఉంటాడా?

మా పుట్టిల్లు అంబాజీపేట. పొద్దున్న మార్కెట్లో కాయ ఎంత పలికిందో మా వీధిలో పళ్ళు తోముకుంటూ చెప్పుకుంటారు. పెళ్ళై ఇటొచ్చాక, మా మావగారు వీరవెంకటరమణ గారు మూడెకరాల తోట కాయని వెయ్యికి నాలుగు వందలు తక్కువకిచ్చేసి, పైగా ఆ డబ్బు తెచ్చిన గుమాస్తాకి మజ్జిగిచ్చి పంపడం చూసి నాకు మతి పోయింది.

"అంబాజీపేటలో ఎక్కువ పలికిందండీ మావయ్యగారూ" అన్నాను.

"ఊరుకోమ్మా. గోవిందరాజులు గారు మనకి అన్యాయం చేస్తారా?" అన్నారు.

చేశారనే కదా నేను చెప్తున్నది! కానీ కొత్త కోడల్ని. పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను.

ఆ మంటలోంచే పుట్టింది మా కంపెనీ. మా ఆయన వీరేంద్ర హైదరాబాదులో కంప్యూటర్ల పని నేర్చుకుని వచ్చి, రాజోలు సెంటర్లో చిన్న రిపేరు షాపు పెట్టుకున్నారు. ఒకరోజు ఆయనే అన్నారు, ఫోను లైనుని కంప్యూటరుకి తగిలిస్తే ఎవరు ఫోను చేసినా మనం రికార్డు చేసిన మాట వినపడేలా చెయ్యొచ్చని. నేను తోముతున్న గిన్నెలు పక్కన పడేసి వచ్చాను. "అయితే అంబాజీపేట రేటు చెబుదాం" అన్నాను. రెండువేల నాలుగులో, రెండు ఫోన్లూ ఒక పాత కంప్యూటరుతో మొదలైంది "రేటు కబురు".

ఇద్దరం పంచుకున్న పని ఇదీ. మిషను ఆయనది. రేటు నాది. తెల్లారగానే అంబాజీపేటలో ముగ్గురికి ఫోను చేసేదాన్ని. ముగ్గురూ ఒకటే చెప్తే సరే, తేడా వస్తే నాలుగోవాళ్ళని అడిగేదాన్ని. ఆరింటికల్లా మైకు ముందు కూర్చుని, "ఆయ్, నమస్కారమండి, నేను సత్యవతినండి, ఈ రోజు అంబాజీపేటలో వెయ్యి కాయ ఇంతండి" అని చెప్పేదాన్ని. ఒక్కరోజు కూడా తప్పు రేటు చెప్పలేదు. రేటుకి ముందు ఎరువుల కొట్టువాళ్ళ ప్రకటన ఒకటి వినిపించేవాళ్ళం, వాళ్ళు మాకు డబ్బిచ్చేవారు.

నెలలు తిరిగేసరికి ఫోన్లు ఆగేవి కావు. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటే పంటు కోసం నిలబడ్డవాళ్ళు అక్కడి ఫోనులో రూపాయి బిళ్ళ వేసి రేటు విని పంటెక్కేవారు. అంతర్వేది నించి, కాట్రేనికోన నించి కూడా చేసేవారు. సంతలో నేను వంకాయలు బేరమాడుతుంటే గొంతు గుర్తుపట్టి, "మీరు రేటమ్మగారు కదండీ?" అనేవారు. మిగతా రోజుల్లో ఎలా ఉన్నా, అలా అన్న రోజు మాత్రం నేను నేల మీద నడిచేదాన్ని కాదు.

కానీ ఉన్నవి రెండు లైన్లు. ఇద్దరు వింటుంటే మూడోవాడికి ఎంగేజి. రైతులు విసుక్కునేవారు. ముప్పై లైన్లు ఒకేసారి ఎత్తే పెట్టె ఉంటుందని, దానికీ మిగతా సరంజామాకీ కలిపి ఎనిమిది లక్షలవుతుందనీ లెక్కేశారు మా ఆయన. బ్యాంకుకెళ్తే మేనేజరు, "ఇందులో మేం తాకట్టు పెట్టుకునేదేముందండి, ఆవిడ గొంతా?" అని నవ్వాడట. మా ఆయన కూడా నవ్వేసి వచ్చేశారు. అక్కడ నేనుంటే నవ్వేదాన్ని కాదు.

ఆ సంగతి మా మావగారు ఎక్కడన్నారో, వారం తిరక్కుండా గోవిందరాజులు గారే మా ఇంటికి కబురంపారు, భోజనానికి వస్తున్నానని. ముప్పై ఏళ్ళుగా మా కాయ ఎత్తే షావుకారు, మా కబురు వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోతున్న మనిషి, మా కంపెనీకి డబ్బు పెడతానని వస్తున్నాడు! ఇంట్లో పండగ. మా అత్తగారు అచ్చాయమ్మ గారు పొద్దున్నించీ పొయ్యి దగ్గరే.

"ఆయనకి ఇందులో ఏం లాభం?" అన్నాను మా ఆయనతో.

"పెద్దమనసు సత్యా. కాలం మారుతోందని ఆయనకి తెలుసు" అన్నారు.

గోవిందరాజులు గారు తెల్లటి పంచె, తెల్లటి లాల్చీ. ఎవరినీ ఏకవచనంతో పిలవరు. మా పాలేరుని కూడా అండీ అనే మనిషి. అలాంటివాళ్ళతో పోట్లాడ్డం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. విస్తరి ముందు కూర్చుని, మొదటి ముద్ద కలుపుతూ అన్నారు.

"ఎనిమిది లక్షలూ నేను పెడతానండి రమణ గారూ. నా కొట్టు మేడ మీద గది కూడా ఇస్తాను. కుర్రాళ్ళు పైకి రావాలండి."

"మీ దయండి" అన్నారు మావగారు.

"వాటా సంగతంటారా? కాపుకి రాని చెట్టుకి ఇప్పుడే విలువేం కడతామండి? ముందు డబ్బు వాడుకోండి. రేపు పెద్దవాళ్ళెవరో డబ్బు పెట్టడానికొస్తారు. అప్పుడు, నేను డబ్బు పెట్టిన నాటికి కంపెనీ విలువెంతో కూర్చుని అనుకుని, దాని ప్రకారం నా వాటా తేల్చుకుందాం. అదే ముక్క కాయితం మీద రాయించేను."

వంటింటి గుమ్మంలో నించున్న నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డబ్బు ఇప్పుడు, రేటు తరవాత! ఏ పద్ధతి పోవాలని రోజూ తెల్లవారకుండా లేచి మైకు ముందు కూర్చుంటున్నానో, ఆ పద్ధతే మా వసారాలోకొచ్చి రొయ్యల ఇగురు తింటోంది. నేను ఉండబట్టలేక ముందుకొచ్చాను.

"బాబాయిగారూ, ఏమనుకోకండి. ఇవాళ్టికి కంపెనీ విలువెంతో ఇవాళే అనుకుంటే బావుంటుందండి. మీకెంత వాటానో ఇప్పుడే తేలిపోతుంది కదండీ."

వసారాలో అందరి చేతులూ ఆగిపోయాయి. మా అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అన్నం తింటున్న మనిషిని డబ్బు లెక్క అడగడమా? మా ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. గోవిందరాజులు గారు మాత్రం చిరునవ్వు చెదరనివ్వలేదు.

"అడగనివ్వండి, ఆడపిల్ల. దాందేముంది. మీరెంతంటే అంతేనమ్మా" అన్నారు.

చెప్పేదాన్నే. నోటిదాకా వచ్చింది. ఈలోగా మావగారు నొచ్చుకుంటూ అడ్డమొచ్చారు. "మా కోడలికి తెలీదండి, చిన్నపిల్ల. మీరూ మేమూ వేరా? అంతా మీ ఇష్టమండి."

మా ఆయన కూడా అందుకున్నారు. "హైదరాబాదులో కూడా మొదటి డబ్బుకి విలువ తరవాతే కడతారు నాన్నగారూ. నేను చదివేను." ఏం చదివారో, ఎంతవరకు చదివారో. ఆ పూటే సంతకం పెట్టేశారు. గోవిందరాజులు గారు పెరుగన్నం తిని, మా అత్తగారి వంట మెచ్చుకుని, నాకు చీర పెట్టమని మావగారి చేతిలో ఐదొందలు పెట్టి వెళ్ళారు. ఆ చీర నేను కొనుక్కోలేదు.

ఆ తరవాత ఏడాదిన్నర బ్రహ్మాండంగా గడిచిందని ఒప్పుకోవాలి. ముప్పై లైన్లూ ఎప్పుడూ మోగుతూనే ఉండేవి. కొబ్బరితో పాటు రొయ్యల రేటు, ధాన్యం రేటు కూడా చెప్పడం మొదలుపెట్టాం. తోటల్లో రైతులు మెల్లిగా నోరు తెరుస్తున్నారు. "రేటమ్మగారు ఇంత చెప్పేరండి" అంటే గుమాస్తాలు నీళ్ళు నమిలేవారట. గోవిందరాజులు గారు మేడ మెట్లెక్కి వచ్చి, ఎలా ఉందమ్మా అని పలకరించి వెళ్ళేవారు. ఒక్కసారీ దేనికీ అడ్డం చెప్పలేదు. నేనే ఆయన్ని తప్పుగా అనుకున్నానేమోనని నాలుగు రోజులు అనిపించింది కూడా.

అప్పుడొచ్చారు కృపానందం గారు. హైదరాబాదులో, చిన్న కంపెనీల్లో డబ్బు పెట్టే సంస్థ తరపున తిరిగే మనిషి. రెండు రోజులు మా గదిలో కూర్చుని అన్నీ చూశారు. ఫోన్లు విన్నారు. నా పక్కనే కూర్చుని నేను రేటు ఎలా సరిచూస్తానో కూడా చూశారు. వెళ్ళే ముందు, "మీ కంపెనీ విలువ కోటి రూపాయలని మా లెక్కండి. మేం పాతిక లక్షలు పెడతాం" అన్నారు. మా ఆయన కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నారు.

"ఇప్పటిదాకా వాటాలెలా ఉన్నాయండి? గోవిందరాజులు గారికెంత?" అని అడిగారు కృపానందం గారు.

"ఇంకా అనుకోలేదండి" అన్నారు మా ఆయన.

కృపానందం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "డబ్బు తీసుకుని ఏడాదిన్నరైంది కదండీ! ధర తరవాత అనుకోవడం తప్పు కాదండి, మేమూ చేస్తాం. కానీ ఆ ధర ఎలా కట్టాలో ముందే రాసుకుంటాం. రేపొచ్చేవాడు కట్టిన విలువలో ఇంత తగ్గించి, మొదట డబ్బు పెట్టినాయనకి వాటా ఇస్తామని రాసుకుంటే పేచీ ఉండదు. ముందొచ్చినందుకు సగం ధరకే ఇచ్చేరనుకోండి, కోటిలో సగం యాభై లక్షలు, అందులో ఎనిమిది లక్షలంటే ఆయనకి నూటికి పదహారు వస్తుంది. అది న్యాయం. మీ కాయితంలో ఏముంది?"

మా ఆయన చెప్పారు. డబ్బు పెట్టిన నాటి విలువ ప్రకారం అని. ఆ నాటి విలువ ఎవరు కట్టారని అడిగారాయన. ఎవరూ కట్టలేదు. కృపానందం గారు నావైపు చూశారు. నేను చెప్పాల్సింది ఆ రోజు వసారాలోనే చెప్పేశాను, ఇంకేం చెప్పను?

మర్నాడు గోవిందరాజులు గారి కొట్టుకి నలుగురం వెళ్ళాం, మావగారు, మా ఆయన, కృపానందం గారు, నేను. కొట్టు నిండా కొబ్బరికాయ గుట్టలు. ఆయన మాకు బొండాలు కొట్టించి ఇచ్చారు. తరవాత తాపీగా లెక్క మొదలుపెట్టారు.

"నేను డబ్బు పెట్టిన నాటికి మీ దగ్గరేముందండి? ఓ పాత కంప్యూటరు, రెండు ఫోన్లు. ఎంత ఎక్కువ కట్టినా లక్ష. పోనీ, మన పిల్లలు కదా, ఐదు లక్షలనుకుందాం. నావి ఎనిమిది. మొత్తం పదమూడు. అందులో నా ఎనిమిదంటే నూటికి అరవై ఒకటిన్నర." ఇక్కడ ఆగి నావైపు తిరిగి నవ్వారు. "ఆ అర నాకొద్దండి. అమ్మాయికి పసుపు కుంకాల కింద వదిలేస్తున్నాను."

పసుపు కుంకాలట! నా కంపెనీలోంచి అర తీసి నాకే బొట్టు పెడుతున్నాడు!

"ఇంకో చిన్న మాటండి" అన్నారు. "పెద్ద వాటాదారుణ్ణి కనక చెప్తున్నాను. రేటు ఆరింటికే చెప్పేయడం వల్ల గందరగోళంగా ఉందండి. ఇకమీదట ముందు నాకు చెప్పి, పదింటికి మిగతావాళ్ళకి చెబుదాం."

పదింటికి! దింపు మనుషులు తోటలోకొచ్చేది ఏడింటికి. పదింటికల్లా కాయ బండెక్కిపోతుంది. ఎనిమిది లక్షలు ఎందుకు పెట్టాడో ఆ ఒక్క ముక్కలో తెలిసిపోయింది. ఆయన మా కంపెనీ కొనలేదు, నా నోరు కొన్నాడు. అదీ కారుచౌకగా. బ్యాంకు మేనేజరుకి నా గొంతు తాకట్టుకి పనికిరాలేదు గానీ, ఈయనకి మాత్రం దాని ఖరీదు మొదటి రోజే తెలుసు.

"ఐదు లక్షలని మీరెలా కట్టేరండి?" అన్నాను. నా గొంతు కొట్టంతా మోగింది. కాయ ఒలుస్తున్నవాళ్ళు పని ఆపి చూశారు. "కంప్యూటరు లెక్కేసేరు, ఫోన్లు లెక్కేసేరు. ఆ రెండు ఫోన్లకీ రోజూ చేసే జనం లెక్కలోకి రారా? నేను చెప్పిన రేటు నమ్మి కాయ అమ్ముకున్న ఊళ్ళు లెక్కలోకి రావా? ఉట్టి ఫోనుకైతే మీరెందుకొచ్చేరండి మా ఇంటికి? రాజోలు సెంటర్లో బోలెడు దొరుకుతాయి కదా!"

"సత్యా" అని మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. విదిలించేశాను.

"చూశారా, అమ్మాయికి కోపమొచ్చింది" అన్నారు గోవిందరాజులు గారు మావగారితో, మెత్తగా. "కాయితంలో ఉన్నదే కదండీ అడుగుతున్నాను. పోనీ మీరు చెప్పండి రమణ గారూ. మీరేమంటే అది."

అందరం మావగారి వైపు చూశాం. ఆయన చేతిలో బొండాం అలాగే ఉంది, ఒక్క గుక్క తాగలేదు. పెదాలు కదిలాయి. ఆ దిక్కుమాలిన రెండు ముక్కలే మళ్ళీ వచ్చాయి, వినపడీ వినపడకుండా.

మా ఆయన సంతకం పెట్టేశారు. లైన్లన్నీ షావుకారు పేరు మీద, గది షావుకారుది, కాయితం షావుకారుది. ముప్పై తొమ్మిదైనా మిగిలిందనుకున్నారు. నా సంతకం ఎవరూ అడగలేదు. ఆ కంపెనీ కాయితాల్లో నా పేరు ఎక్కడా లేదు, నా గొంతు తప్ప ఇంకేం లేదు నాది అందులో. కృపానందం గారు మెట్లు దిగుతూ, "హైదరాబాదులో మాట్లాడి చెప్తానమ్మా" అన్నారు. ఆయన మొహం చూస్తేనే తెలిసింది, మనసు సగం విరిగిందని.

ఇంటికొచ్చాక నేనెవరినీ వదల్లేదు. మా ఆయన్ని కడిగేశాను. "పెద్దాయన్ని ఎదిరించి మాట్లాడమంటావా?" అన్నారు. ఎదిరించమనలేదు, అడగమన్నాను. అడగడానికీ ఎదిరించడానికీ తేడా తెలియని మగాళ్ళు కంపెనీలు పెట్టకూడదన్నాను. మావగారు పెరట్లోకి వెళ్ళిపోయారు. అక్కడికీ వినపడేలాగే అరిచాను. మర్యాదకి మీ కాయ ఇచ్చేరు, సరే, మీ కాయ. నా నోరు ఎవరిచ్చేయమన్నారు మిమ్మల్ని?

మర్నాడు పొద్దున్న మామూలుగానే లేచి, అంబాజీపేటకి ఫోన్లు చేసి, కొట్టు మేడెక్కి మైకు ముందు కూర్చున్నాను. ఎవరినీ అడగలేదు. రికార్డు చేశాను.

"ఆయ్, నమస్కారమండి. నేను సత్యవతినండి. ఈ రోజు అంబాజీపేటలో వెయ్యి కాయ మూడు వేల ఎనిమిది వందలండి. ఇవాళ ఇంకో రేటు కూడా చెప్తానండి. ఈ కబురు చెప్పే మా కంపెనీని రేటు తెగకుండా ఎత్తుకెళ్ళేరండి. ఎత్తినాయన గోవిందరాజులు గారండి. ఏడాదిన్నర పోయాక, నిన్న తెగిందండి రేటు. నూటికి అరవై ఒకటి ఆయనకండి. రేపట్నించి ఈ నంబర్లో రేటు పదింటికి చెప్తారండి. ఆయన మనుషులు మీ తోటలోకి ఏడింటికే వస్తారండి. రేటడిగేకే చెట్టెక్కనివ్వండి. ఉంటానండి."

అంత కోపంలోనూ మాట మాటకీ అండీ తగిలించాను చూడండి. నేనూ ఈ ఊరి దాన్నే కదా.

తొమ్మిదింటిదాకా ముప్పై లైన్లూ ఖాళీ లేవు. విన్నవాళ్ళే మళ్ళీ చేసి, పక్కవాళ్ళకి ఫోనిచ్చి వినిపించారట. తొమ్మిదింటికి గుమాస్తా వచ్చి కరెంటు తీసేసి, నన్ను కిందకి దిగమని, గదికి తాళం వేశాడు. సాయంత్రం కృపానందం గారు ఫోను చేశారు. "మీరు చెప్పిందాంట్లో అబద్ధం లేదమ్మా. కానీ ఇది విన్నాక మా వాళ్ళు వెనక్కి తగ్గేరు. కొట్లాటలో ఉన్న కంపెనీలో డబ్బు పెట్టరండి" అన్నారు. కోటి రూపాయల కంపెనీకి ఆ సాయంత్రానికి రేటే లేదు. మా ఆయన నాతో మాట్లాడ్డం మానేశారు. మావగారు, "షావుకారు గారి మొహం ఎలా చూడనమ్మా" అని మాత్రం అన్నారు. నాకు పశ్చాత్తాపం లేదు. ఏడుపొచ్చింది, అది వేరే సంగతి. అది కూడా కోపంతోనే.

ఇంక చెప్పడానికేం లేకపోయినా, పొద్దున్నే అంబాజీపేటకి ఫోను చేయడం మాత్రం మానలేదు. అలవాటు. రేటు కనుక్కుని, ఎవరికీ చెప్పకుండా పొయ్యి వెలిగించుకునేదాన్ని.

ఆ నెలాఖర్లో మా తోటకి దింపు రోజు వచ్చింది. ఏడింటికి షావుకారు ముఠా మేస్త్రి సింహాద్రి మనుషుల్తో వచ్చాడు. మా వాకిట్లోంచి తోటలోకి వెళ్ళే గేటుకి గొళ్ళెం వేసి ఉంది. గేటుకి ఇవతల మావగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఏం చెప్పారో ఏమో, సింహాద్రి మనుషుల్ని వీధిలోనే ఉంచి తను కొట్టుకి వెళ్ళిపోయాడు. కాసేపటికి కారులో గోవిందరాజులు గారే దిగారు. అప్పటికే నాలుగైదు తోటల్లో ఇలాగే జరిగిందని తరవాత తెలిసింది.

"ఏమండీ రమణ గారూ, మనవాళ్ళని ఆపేరట?" అన్నారు, నవ్వుతూనే.

మావగారు లేచి నిలబడి దణ్ణం పెట్టారు. కుర్చీ ఆయనకి జరిపారు. "సత్యా, షావుకారు గారికి కాఫీ తీసుకురామ్మా" అని కేకేశారు. వెళ్ళి కాఫీ కలిపాను. మళ్ళీ మర్యాద! ఈ మనిషిని ఇంక దేవుడు కూడా మార్చలేడనుకున్నాను. గ్లాసు షావుకారు చేతికిచ్చి, గుమ్మంలో నించున్నాను.

"రేటు తెలుసుకుందామని ఆపేనండి" అన్నారు మావగారు. తలెత్తి చూడలేదు, షావుకారు చెప్పుల్ని చూస్తూ అన్నారు.

"అదేంటండి కొత్తగా! మీరూ మేమూ వేరా? రేటు తరవాత చూసుకుందాం."

"మీ ఇష్టమండి" అన్నారు మావగారు.

నాకు ఏదైనా తీసి నేలకేసి కొట్టాలనిపించింది. కానీ ఆయన మాట అక్కడితో ఆగలేదు.

"రేటు చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టమండి. గేటు మాత్రం మాదండి. చెప్పేకే తీస్తామండి."

గోవిందరాజులు గారి మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు నవ్వడం మానేశాయి. కాఫీ సగం తాగి గ్లాసు అరుగు మీద పెట్టారు. వీధిలో సింహాద్రి మనుషులు తాళ్ళు భుజాన వేసుకుని వింటున్నారు. చివరికి షావుకారు గారే అన్నారు.

"మూడు వేల ఐదొందలండి."

మావగారు తల తిప్పి గుమ్మంలో ఉన్న నన్ను చూశారు. పెళ్ళై ఇన్నేళ్ళలో కాయ సంగతి ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

"అమ్మా, ఇవాళ అంబాజీపేటలో ఎంత పలికిందంటావు?"

వీధిలోకి వినపడేలా చెప్పాను.

"ఆయ్, మూడు వేల తొమ్మిది వందలండి మావయ్యగారూ."